ఆనకట్టల నడుమ కృష్ణవేణి

సంధ్యవేళ మన యిండ్లలో ఒకరి తరువాత ఒకరము విద్యుద్దీపపు మీట నొక్కుదుము. వంటయింట దీపము, వసారాలో పంకా, బల్లమీద రేడియో, అన్నియు ఇంచుమించు ఒకే గడియలో కరెంటును కోరును. ఆ కోరిక తీగల వెంట పోయి పోయి, కొంతవరకైనను, నల్లమల కొండల నడుమనున్న శ్రీశైలమునకును, నల్లగొండ జిల్లా దక్షిణపు కొసనున్న నాగార్జునసాగరమునకును చేరును. అచ్చట తూములు తెరచుకొనును, చక్రములు తిరుగును, చక్రములను త్రిప్పిన నీరు దిగువకు ఉరుకును. రాత్రి ప్రొద్దుపోయి మనము దీపములార్పి నిద్రించు వేళకు ఆ నీరు తగ్గిపోవును. వెలుగు వచ్చినది, పనులు ముగిసినవి, అంతవరకే మనకు తెలియును. నదికి మాత్రము ఆ కొన్ని గంటలలో ఒక వరదయు, ఒక వేసవియు గడచిపోయినట్లు.

ఆనకట్టల చరిత్రను మనము ఎకరములలోను కిలోవాట్లలోను చెప్పుకొనుట వాడుక. ఆ లెక్కలు సత్యములే; వాని వెనుక లక్షల కుటుంబముల అన్నము ఉన్నది. అయినను ఆ చరిత్రలో సరిగా వ్రాయబడని అధ్యాయ మొకటి కలదు. నదిలో ఎంత నీరు పారినదను లెక్కతోపాటు, అది ఎప్పుడు పారినది, ఎంత త్వరగా పెరిగి ఎంత త్వరగా తరిగినది యను లెక్క యొకటి ఉన్నది. రైతునకు మొదటి లెక్క ముఖ్యము. చేపకు రెండవది ప్రాణము. పాలమూరు, నల్లగొండ సీమలలో కృష్ణానది యొక్క ఆ రెండవ లెక్క ఎట్లు మారినదో ఈ ప్రసంగములో చెప్పదలచితిమి.

మహాబలేశ్వరము చెంత సహ్యాద్రిలో పుట్టిన కృష్ణ సుమారు 1,400 కిలోమీటర్లు నడచి హంసలదీవి వద్ద సముద్రమున కలియును. పూర్వపు మహబూబునగరు జిల్లాలోని తంగిడి చెంత అది తెలంగాణమున అడుగిడును. భీమానది వచ్చి దానిలో కలియునదియు ఆ ప్రాంతముననే. జూరాల, బీచుపల్లి దాటి, అలంపురము దిగువ తుంగభద్రను కలుపుకొని, సోమశిల మీదుగా నల్లమల లోయలో ప్రవేశించును. ఆ లోయను దాటి నందికొండ వద్ద బయల్పడి, నల్లగొండ జిల్లా అంచు వెంట సాగి, వాడపల్లి వద్ద మూసీని కలుపుకొని కోస్తాకు మరలును. ఈ దారి పొడవునను నది లోతున పారును, పొలములు ఎత్తున ఉండును. అందుచేత నది యొడ్డుననే యుండియు తరతరములుగా చుక్కనీటికి మొగము వాచిన పల్లెలు ఈ రెండు జిల్లాలలో లెక్కకు మిక్కిలి. నది ఆనాడు ఈ సీమ రైతునకు పెద్దగా ఉపయోగపడలేదు. దానిపై బ్రదికినవారు బెస్తలు, పడవవారు, నల్లమలలోని చెంచులు.

ఆ నదికి ఒక పంచాంగ ముండెడిది. మే నెలాఖరునకు ప్రవాహము సన్నని పాయలై రాళ్ళ నడుమ దాగెడిది. అక్కడక్కడ కొండరాతి గుండములలో లోతైన మడుగులు మిగిలెడివి. వేసవి నాలుగు నెలలు చేప జాతి యంతయు ఆ మడుగులలో తల దాచుకొనెడిది. జూన్‌లో పడమటి కనుమలలో వాన పడగా, కొన్ని దినములకు ఎర్రని కొత్తనీరు ఇచ్చటికి దిగెడిది. కొత్తనీటి వాసన తగిలిన చేప ఏటికి ఎదురెక్కును. మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చేప తినవలె నను ఆచారము తెలంగాణమున నేటికిని చెక్కుచెదరక యున్నది. మన పెద్దల పంచాంగమును చేపల పంచాంగమును ఒకే వానను బట్టి కట్టబడిన వనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఈ పంచాంగము చేపకు ఎందుకు అంత ముఖ్యమో కొంచెము వివరింతుము. బొచ్చె, రోహు వంటి పెద్దచేపలు వానకాలముననే గుడ్లు పెట్టును. నీరు పెరిగి ఒడ్డులు దాటి పల్లపు నేలల మీద పలుచగా పరచుకొన్నప్పుడు, ఆ పారునీటిలో గుడ్లను విడుచును. ఆ గుడ్లు దేనికిని అంటుకొనవు. నీటితో కొట్టుకొనిపోవుచునే పదునైదు, ఇరువది గంటలలో పగిలి పిల్లలగును. పిల్లలు ఒడ్డుచేరువ పలుచని నీటిలో మేత మేసి పెరుగును. వరద క్రమముగా తగ్గినచో అవి నీటితోపాటు నదిలోనికి దిగును. కొండనదులలో బ్రదుకు మహసీర్ జాతికి గులకరాతి నేలయు, తేటయై పారెడు నీరును కావలెను. కొర్రమట్ట నాచుల నడుమ గూడు కట్టి, గుడ్లను పిల్లలను తానే కాచుకొనును. వాలుగ, జెల్ల, మలుగు, బొమ్మిడాయి, పరక, ఇట్లు ఒక్కొక్క జాతికి ఒక్కొక్క తావు, ఒక్కొక్క తరి. అన్నిటికిని కావలసిన దొక్కటే: నీరు తన తరి తప్పక రావలెను, మెల్లగా పోవలెను.

ఈ క్రమమునకు మొదటి అడ్డు కోస్తాలో పడినది. విజయవాడ వద్ద కృష్ణకు 1852-55 సంవత్సరముల నడుమ ఆనకట్ట కట్టిరి. డెల్టా పండినది, కరవు తొలగినది. కాని సముద్రమునుండి గుడ్లు పెట్టుటకై నది నెక్కివచ్చు పొలసకు దారి మూతపడినది. ఇట్టి ఆనకట్టలు మత్స్యసంపదకు చేయు హానిని ఆ కాలముననే గుర్తించినవా డొక డున్నాడు. బ్రిటిషు ప్రభుత్వమున మత్స్యశాఖ ఉన్నతాధికారిగా నుండిన ఫ్రాన్సిస్ డే, 1873లో వెలువడిన తన నివేదికలో, దక్షిణదేశపు నదులలోని ఆనకట్టలు చేపల రాకపోకలను ఎట్లు అరికట్టుచున్నవో వివరించి, వానికి దారులు విడువవలె నని వాదించెను. ఆ మాటను విన్నవారు తక్కువ. 1934లో కావేరికి మెట్టూరు వద్ద పెద్ద ఆనకట్ట వచ్చిన పిమ్మట ఆ నదిలోని పొలస వేట చితికిపోయినది. హెచ్చరిక ముందే ఉన్నది. లెక్కలోనికి మాత్రము రాలేదు.

ఇక మన సీమకు వత్తము. నందికొండ వద్ద కృష్ణను నిలుపవలె నను ఆలోచన హైదరాబాదు రాజ్యకాలమునాటిదే. 1952లో ఖోస్లా సంఘము ఆ స్థలమును పరిశీలించి అనుకూలముగా చెప్పెను. 1955 డిసెంబరు 10న జవహర్లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. రాతికట్టడపు ఆనకట్ట, 124 మీటర్ల ఎత్తున, వేలాది కూలీల చేతులమీదుగా లేచినది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడ, హుజూరునగరు ప్రాంతముల మెట్టభూములు ఎడమ కాలువ క్రింద వరిచేలుగా మారిన సంగతి మనమందరము చూచినదే. ఇక్ష్వాకుల విజయపురి నీట మునుగకముందే పురావస్తుశాఖవారు 1954 మొదలు 1960 వరకు త్రవ్వి, ముఖ్యమైన శిల్పములను, కట్టడములను నాగార్జునకొండ మీదికి చేర్చిరి.

సాగరము తొలుత సేద్యమునకై పుట్టినది. ఎగువనున్న శ్రీశైలము తొలుత విద్యుత్తునకై పుట్టినది. దానికి 1963 జులై 24న నెహ్రూయే శంకుస్థాపన చేసెను. పని ముగియుటకు ఇరువది ఏండ్లు పట్టినది. 1981 నాటికి కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూరింటికి పైగా గ్రామములు ఖాళీ అయినవి. లక్షమంది వరకు తమ యిండ్లు విడిచిరి. జటప్రోలు ఆలయములను, కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి మెరక తావులకు తరలించిరి. అలంపురపు గుళ్ళను కాపాడుటకు కట్ట పోసిరి. గుళ్ళను తరలించుట సాధ్యమైనది. చేపలు వేసవిలో తల దాచుకొనిన మడుగులను, అవి గుడ్లు పెట్టిన పల్లపు టొడ్డులను తరలించుట ఎవరికిని సాధ్యము కాదు. పాత నదిగర్భము ఆరువందల చదరపు కిలోమీటర్లకు పైబడిన జలాశయము క్రింద అణగిపోయినది.

విద్యుత్కేంద్రములు ఒకటొకటిగా వచ్చి చేరినవి. సాగరము ప్రధాన కేంద్రములో 1978 మొదలుకొని యంత్రములు తిరిగినవి. అందలి ఎనిమిదింటిలో ఏడు, నీటిని క్రిందికి విడిచి విద్యుత్తు చేయుటకును, అవసరమైనప్పుడు క్రిందినీటిని మరల పైకి తోడుటకును వీలైనవి. శ్రీశైలము కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రములు ఏడు. ఎడమగట్టున, పూర్వపు మహబూబునగరు జిల్లా వైపున, కొండ కడుపులో 150 మెగావాట్ల యంత్రములు ఆరు; ఇవి 2001-2003 సంవత్సరముల నడుమ పనికి వచ్చినవి. ఎగువన జూరాల 1995లో నీరు నిలిపి, అటుపిమ్మట 2008 ప్రాంతమున విద్యుత్తు మొదలిడెను. దాని దిగువన ఆత్మకూరు చెంత మరియొక కేంద్రము వెలసెను. సాగరమునకు 21 కిలోమీటర్ల దిగువన, విడిచిన నీటిని పట్టి నిలుపుటకు టెయిల్‌పాండ్ అను చిన్న జలాశయము కట్టిరి. ఆపైన పులిచింతల 2013లో వచ్చినది. జూరాలనుండి పులిచింతల వరకు నేడు కృష్ణ మెట్లు మెట్లుగా దిగుచున్నది. నది అని పిలువదగిన పారునీరు మెట్టుకు మెట్టుకు నడుమ కొద్ది కొద్దిగా మిగిలినది.

జలవిద్యుత్తు గుణ మొకటి ఇచ్చట గుర్తింపవలెను. బొగ్గు కేంద్రమును రగిల్చి పూర్తి బలమునకు తెచ్చుటకు గంటలు పట్టును. నీటి చక్రమును నిమిషములలో త్రిప్పవచ్చును, నిమిషములలో ఆపవచ్చును. పొగ లేదు, బూడిద లేదు. అందుచేత కోరిక హెచ్చిన గంటలలోనే దానిని వాడుట ఆచారమైనది. విద్యుత్తు యజమానికి ఇది గొప్ప సౌకర్యము. కాని ఆ సౌకర్యము మూల్యమును చెల్లించునది చక్రము దిగువనున్న నది.

శ్రీశైలము ఎడమగట్టు కేంద్రము నిండుబలముతో తిరిగినపుడు సెకనుకు 35 వేల ఘనపుటడుగుల పైబడిన నీరు, అనగా సుమారు పది లక్షల లీటర్లు, బయటికి వచ్చును. ఇంత నీరు కొండలోయలో ఒక్కుమ్మడిగా దిగినచో ప్రవాహము పొంగును. చక్రము ఆగినచో అంతే త్వరగా పడిపోవును. సాగరము నిండియున్న నెలలలో దాని వెనుకజలము శ్రీశైలము పాదమువరకు ప్రాకి ఈ అదటును మ్రింగివేయును. సాగరము తగ్గిన నెలలలో లోయ మరల నదియై ఆ దెబ్బను తినును.

ఆ దెబ్బ చేపకు తగులు తీరులు పెక్కు. మొదటిది, ఒడ్డున చిక్కుకొనుట. నీరు పెరుగగానే పిల్లచేపలు మేతకై ఒడ్డుచేరువ పలుచని తావులకు చేరును. నీరు హఠాత్తుగా దిగినచో అవి రాతిపడియలలో, ఇసుకగుంటలలో మిగిలిపోవును. తెల్లవారి ఎండకు ఆ పడియ వేడెక్కును. కొంగలు, కాకులు అచ్చట పండుగ చేసికొనును. మెల్లగా దిగిన వరదలో ఈ నష్టము స్వల్పము. గంటలో దిగిన నీటిలో ఇది నిత్యకృత్యము.

రెండవది, గుడ్లు ఎండిపోవుట. నీటి అంచున నాచునకు, రాతికి గుడ్లను అంటించు జాతులు కలవు. గూడు కట్టునవి కలవు. నీటి అంచు ఒక దినమున ఒకచోట, మరునాడు మరియొకచోట నున్నచో వాని సంసారము నిలువదు. ఈ యాపద నదిలోనే కాదు, జలాశయమునందును ఉన్నది. ఎగువ జలాశయమునుండి తీసిన నీరు దాని అంచును దింపును. అచ్చటి గూళ్ళు గట్టున పడును.

మూడవది, నీటి స్వభావము మారుట. లోతైన జలాశయమున ఎండకాలమున పైనీరు వేడెక్కి తేలిక యగును. అడుగునీరు చల్లగా, బరువుగా, గాలి తగులక ఉండును. చక్రములకు నీటిని పైపొరనుండి కాక లోతునుండి తీసినచో, దిగువకు వచ్చు నీరు చల్లనిది, ప్రాణవాయువు తక్కువైనది కావచ్చును. కొత్తనీటి వెచ్చదనమును గుర్తించి గుడ్లు పెట్టవలసిన చేప ఈ చల్లనీటిలో తరి తెలియక తడబడును.

నాలుగవది ఒండ్రు. పారునది మోసికొనివచ్చిన మన్ను జలాశయము అడుగున కూర్చుండును. శ్రీశైలము మొదట 308 టి.ఎం.సీ.ల నీటిని పట్టుననుకొనిరి. పూడిక పేరుకొనగా తరువాతి కొలతలో అది సుమారు 215కు దిగినది. సాగరము 408నుండి 312కు దిగినది. టి.ఎం.సీ. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. ఈ రెండింటిలో కలిసి తగ్గినది ఇంచుమించు 190 టి.ఎం.సీ.లు. పైన కూర్చున్న ఆ మన్ను దిగువకు రాదు. మన్ను లేని నీరు ఆకలిగొన్న నీరు. అది తన దారిలోని ఇసుకను, గులకరాతిని కోసికొనిపోవును. గులకరాతి నేలలో గుడ్లు పెట్టు చేపకు పురిటియిల్లు పోయినట్లే.

అయిదవది అన్నిటికంటె పెద్దది, పంచాంగము తప్పుట. తొలివానకు పుట్టిన ఎర్రనీరు నేడు నేరుగా పాలమూరునకు రాదు. కృష్ణపై ఆలమట్టి, నారాయణపురము, భీమపై ఉజ్జని, తుంగభద్రపై హోస్పేట చెంతనున్న ఆనకట్ట. ఇవి ముందు తమ కడుపులు నింపుకొనును. తరువాత జూరాల, తరువాత శ్రీశైలము. సాగరము గేట్లు తెరచువరకు పెక్కు సంవత్సరములలో ఆగస్టు, సెప్టెంబరు నెలలు వచ్చును. వానలు తక్కువైన యేట అవి తెరచుకొననే తెరచుకొనవు. మృగశిర వచ్చినది, ఆర్ద్ర వచ్చినది, కడుపున గుడ్డుతో చేప సిద్ధముగా ఉన్నది. నది మాత్రము రాలేదు.

దీని ఫలితముగా నదిలోని కాపురస్థులు మారిరి. పారునీటిని కోరు మహసీరు వంటి జాతులు వెనుకబడినవి. నిలువనీటిలో బ్రదుకగలవి ముందునకు వచ్చినవి. కేంద్ర ప్రభుత్వపు లోతట్టు మత్స్య పరిశోధనా సంస్థ 1971లో దేశమున అయిదు జలాశయములను ఎన్నుకొని పరిశోధన ప్రారంభించినపుడు వానిలో నాగార్జునసాగర మొకటి. బొచ్చె, రోహు, మృగాల పిల్లలను పెంచి జలాశయములలో విడుచుట పద్ధతి యైనది. తెలంగాణ ప్రభుత్వము 2016నుండి చేపపిల్లలను ఉచితముగా చెరువులలో, జలాశయములలో విడిచెడి పథకమును చేపట్టెను. పరదేశపు తిలాపియా ఎవరును పిలువకయే కృష్ణలో విస్తరించినది. చేపల రాశి పెరుగలేదని మే మనుటలేదు. 285 చదరపు కిలోమీటర్ల సాగరము పాత నదికంటె ఎక్కువ చేపను ఇచ్చుట సహజము. కాని నది తానై కన్న సంతానమునకును, ఏటేట తెచ్చి పోసిన సంతానమునకును భేద మున్నది. పోయుట మానిన యేట రెండవది ఉండదు.

ఇక జాలరుల సంగతి. వెదురుబద్దలతో అల్లిన గుండ్రని పుట్టి కృష్ణలో వేటకు పాతకాలపు వాహనము. పుట్టిలో ఇద్దరు కూర్చుండి వల దింపుదురు. నిశ్చలమైన నీటిలో దానికంటె సుఖమైనది లేదు. నీరు ఒక్కుమ్మడిగా పొంగినచో దానికంటె దిక్కులేనిదియు లేదు. రాత్రి కట్టిన వల తెల్లవారునప్పటికి కొట్టుకొనిపోయినచో ఒక కుటుంబపు కొన్ని నెలల రాబడి అందులో పోయినట్లే. జలాశయములు వెలసిన పిమ్మట విశాఖ తీరపు జాలరులు సైతము వలసవచ్చి నీటి యొడ్డున గుడిసెలు వేసికొనిరి. కొల్లాపురము, సోమశిల ప్రాంతములలో అలవి వలలను గూర్చి తరచు తగవులు వినవచ్చుచుండును. ఆ వల కన్నులు అతిసన్నములు; పెద్దచేపతోపాటు పిల్లను, పిల్లతోపాటు రేపటి చేపను ఊడ్చివేయును. నిషేధ మున్నను అవి నీట దిగుచునే యున్నవి. నదిలో చేప తగ్గినకొలది వల కన్ను సన్నగిలును. వల కన్ను సన్నగిలినకొలది చేప మరింత తగ్గును. ఈ చక్రము కూడ ఒక విధముగా ఆనకట్ట త్రిప్పినదే.

విడిచిన నీరు మనుష్యునికి సైతము ఎంత ప్రమాదమో తెలుగునాట మరువరాని విధముగా తెలిసినది. 2014 జూన్ 8న హిమాచలప్రదేశములో బియాస్ నదిలో, లార్జి జలవిద్యుత్ ఆనకట్టనుండి విడిచిన నీరు హఠాత్తుగా రాగా, హైదరాబాదునుండి విహారయాత్రకు పోయిన 24 మంది విద్యార్థులు కొట్టుకొనిపోయిరి. ఆ పిల్లలు దిగినది మోకాలి లోతు నీటిలో, రాళ్ళ నడుమ. నిమిషములలో అది వరద యైనది. చేపపిల్లకు నిత్యము జరుగునది ఆనాడు మన పిల్లలకు జరిగినది. ముందు సైరను మ్రోగించి, నీటిని అంచెలంచెలుగా పెంచు ఏర్పాటు ప్రతి కేంద్రమునందును కచ్చితముగా ఉండవలె నని ఆ దుర్ఘటన బోధించినది.

నీటిని పట్టి ఉంచుటలోను ఆపద కలదని 2009 చాటినది. ఆ అక్టోబరు మొదటి దినములలో శ్రీశైలమునకు సెకనుకు సుమారు 25 లక్షల ఘనపుటడుగుల వరద వచ్చినది. అది ఆనకట్ట తట్టుకొనుటకు లెక్కవేసిన వరదను మించినది. కర్నూలు, అలంపురము మునిగినవి. నిండిన జలాశయమునకు వరదను ఆపు శక్తి తక్కువ. విద్యుత్తునకై నిండుగా ఉంచుటయా, వరదకై కొంత ఖాళీ ఉంచుటయా యను సమస్య ఆ దినములలో అందరి కన్నులకు కట్టినది.

ఇంతవరకు నీటి పంపకములలో నదికి ఏ వాటా ఇచ్చిరో చూతము. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునలు 1973లో నిర్ణయమును, 1976లో దాని తుదిరూపమును వెలువరించెను. కృష్ణలో ఆధారపడదగిన నీరు 2,060 టి.ఎం.సీ.లని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 చొప్పున పంచెను. శ్రీశైలమున ఎండకు ఆవిరియగు నీటికి 33 టి.ఎం.సీ.లు లెక్కకట్టిరి. ప్రయోజనకరమైన వినియోగముల పట్టికలో చేపల పెంపకమును, వన్యప్రాణి రక్షణను పేర్కొనిరి గాని, వానికి ప్రత్యేకముగా కొలిచి యిచ్చిన దేమియు లేదు. సూర్యునికి వాటా దొరకినది, నదికి దొరకలేదు. 2004లో ఏర్పడిన బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునలు 2010 డిసెంబరులో ఇచ్చిన నిర్ణయములో నది కనీస ప్రవాహమను మాట వచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వంతులో అందులకై 6 టి.ఎం.సీ.లు చూపిరి. 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వు వలన ఆ నిర్ణయపు గెజిటు ప్రకటన నిలిచినది. ఆరు టి.ఎం.సీ.లు ఎంత? శ్రీశైలము ఎడమగట్టు కేంద్రము నిండుబలముతో రెండు దినములు తిరిగినచో విడుచునంత. సంవత్సరము పొడవున సమముగా విడిచినచో సెకనుకు 190 ఘనపుటడుగులు. అది చిన్న పాయ. అయినను నదికి నది పేరిట మొదటిసారి పలికిన అంకె యది.

రాష్ట్రము రెండైన తరువాత నీటి విడుదల తగవులు మరింత ముదిరినవి. 2021 జూన్, జులై నెలలలో తెలంగాణము శ్రీశైలము, సాగరము, పులిచింతల కేంద్రములను త్రిప్పగా, సేద్యమునకు ముందే నీరు దిగువకు పోవుచున్నదని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరము తెలిపెను. 2014 పునర్విభజన చట్టము ననుసరించి ఏర్పడిన కృష్ణానదీ యాజమాన్య మండలి ముందు ఇరుపక్షముల వాదములును వినబడినవి. ఒకరు విద్యుత్తు మాట చెప్పిరి, ఒకరు పంట మాట చెప్పిరి. రెండును న్యాయమైన కోరికలే. నదిలో బ్రదుకు ప్రాణుల మాట మాత్రము ఆ సందడిలో ఎవరి నోటను గట్టిగా వినబడలేదు.

ఇతర దేశములలో ఈ మాట ఎట్లు వచ్చినదో చూచుట మనకు ఉపయోగము. అమెరికాలో కొలరాడో నదిపై 1963లో నీరు నిలిపిన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట, పెద్ద నగరముల దీపములకై నదిని దినదినము పొంగించి కుంగించెడిది. దిగువ లోయలోని ఇసుకతిన్నెలు కరగిపోయి, స్థానిక మత్స్యజాతులు క్షీణింపగా 1992లో అచ్చటి శాసనసభ లోయ రక్షణకై చట్టము చేసెను. 1996లో ఇసుకతిన్నెలను మరల నిలుపుటకై కావలెననియే ఒక వరదను విడిచిరి. 2018లో మరియొక చిన్న పరీక్ష జరిపిరి. నీటి అంచున పురుగులు పెట్టిన గుడ్లు ఎండిపోకుండ, వేసవిలో వారాంతపు దినములందు నీటిని ఒకే మట్టమున నిలిపిరి. పురుగు చేపకు మేత. మేత ఉన్నచో చేప ఉండును. స్విట్జర్లండు 2011లో అమలులోనికి తెచ్చిన చట్టసవరణ వలన, జలవిద్యుత్ కేంద్రములు ఇట్టి హఠాత్ప్రవాహపు హానిని 2030 నాటికి తగ్గింపవలసి యున్నది. ఈ దేశము లేవియు కేంద్రములను మూసివేయలేదు. గడియారమును కొంచెము సవరించుకొనినవి, అంతియే.

మనకును అట్టి సవరణకు దారులు కలవు. చక్రములను త్రిప్పునపుడు నీటిని ఒక్కుమ్మడిగా కాక అంచెలుగా పెంచుట, అంతకంటె ముఖ్యముగా అంచెలుగా తగ్గించుట, పెద్ద వ్యయము లేని పని. సాగరము దిగువ టెయిల్‌పాండును నీటిని వెనుకకు తోడుటకే గాక, దిగువ నదికి సమముగా విడుచు తొట్టిగా వాడవచ్చును. జూరాల దిగువ బీచుపల్లి వరకు వేసవిలో నది రాళ్ళు తేలి యుండు దినములలో ఒక సన్నని పాయనైనను ఎడతెగక పారనీయవచ్చును. గుడ్లు పెట్టు తరిలో, జలాశయమున నీరున్న యేట, కొన్ని దినములైన నిలకడగల ప్రవాహమును విడిచి చూడవచ్చును. ఆ దినములలో వేటను ఆపుట, అలవి వలలను నిజముగా నిషేధించుట దానికి తోడు కావలెను. అన్నిటికిని ముందు, నీటిని ఎప్పుడు విడుతురో ఒడ్డునున్న జాలరికి ముందుగా తెలుపవలెను. ఈ పనికి రేడియోకు మించిన సాధనము లేదని మేము నమ్ముదుము.

విద్యుత్తు వలదని చెప్పుట మా యుద్దేశము కాదు. మా కంఠము మీ యింటికి చేరుచున్నదే విద్యుత్తు వలన. సాగరపు నీరు రాకముందు నల్లగొండ మెట్టల స్థితి ఎట్టిదో తెలిసినవా రెవరును ఆనకట్టలను నిందింపరు. మా మనవి ఒక్కటే. నదిని మనము సేద్యగానిగా చూచితిమి, విద్యుత్తు కూలీగా చూచితిమి. రెండు పనులును అది చక్కగా చేసినది. కూలీకి సైతము పనివేళలు, విశ్రాంతి యుండవలె నని ఒప్పుకొన్న కాలము మనది. కృష్ణకు దాని పంచాంగములోని కొన్ని తిథులనైన తిరిగి ఇచ్చినచో, మడుగులో తల దాచుకొనిన చేపకును, పుట్టిలో వల పట్టి కూర్చున్న మనుష్యునికిని ఒకేసారి న్యాయము జరుగును.